నీళ్ల పట్టా

హసన్‌పర్తి దారిల జీలుగుకుంట ఎక్కడని అడిగితే
"ఆ సిమెంటు కమాను దాటినంక" అని చెప్తరిప్పుడు.
కమాను మీద రెండు హంసలు.
కుంటల ఎన్నడూ హంసలు లేవు.
బుడుబుంగలుండె, నత్తలుండె,
జమ్ము సందుల నీరుకోడి గుడ్లు పెట్టేది.

నేను గొలుసు మోసేటోన్ని,
సర్వే ఆఫీసుల ఇరవై రెండేండ్ల సంది.
తాహెర్ సాబు మిషన్ల కన్ను పెడితే
ఎదురుంగ కర్ర పట్టుకొని నిలబడుత.
కర్ర కదలొద్దు.
మనిషి కనబడకున్నా ఫరక్ లేదు.

శిఖం హద్దు తేల్చమని కాయితమొచ్చింది.
నక్షాల నీళ్లు నీలంగ ఉన్నయ్,
నేల మీద మొరం ఎర్రగ ఉన్నది.
హద్దురాళ్లు ఏడుండాలె, రెండే దొరికినయ్.
ఒకటి చాయ్ దుకాణం బల్లకు కాలైంది.
ఇంకోదానికి పసుపు కుంకుమ పెట్టి
ఎవరో దేవుణ్ని చేసిండ్రు.
"దేవున్ని జరిపి కొలుస్తమా" అన్నడు సాబు.

నలభై ఒకటో ప్లాటు.
మొన్నటి రాత్రి వాన పడ్డది.
కర్ర ఆనిద్దామని వంగితే
నా చెప్పు పక్కన
గుంటగలగర.

మొరం పెళ్లను ఓరగ నెట్టి
ఎర్రకాడ మోచేతుల మీద పాకుతున్నది.
కణుపు నేలను తాకిన ప్రతికాడ ఒక వేరు దించింది.
గరుకు ఆకులు ఎదురెదురుగ,
పోట్లాడుకోని అన్నదమ్ముల తీరు.
కొసన తెల్లపువ్వు, చొక్కా గుండీ కన్న చిన్నది.
బంతికి, చామంతికి దగ్గరి చుట్టమే
గని పెండ్లికి పిలువని చుట్టం.
బతుకమ్మల పేర్వరు, జడల తురుమరు.
నూనెల కాసి నెత్తికి రాసుకోను మాత్రం
అందరికీ యాదికొస్తది.

మా నాయనమ్మ కొంరమ్మ
తాత పోయినంక ఈ కుంటకు నీరటి.
ఆడిమనిషి తూము తీసుడేందని
ఆయకట్టోళ్లు నవ్వినా
వాళ్ల మడి తడిసేదాక పార దించలేదు.
ఎండకాలం కుంట నెర్రెలిస్తే
పార కొసతోని చూపెట్టేది:
"గుంటగలగర ఉన్నకాడిదాక నీళ్లదేరా.
మనుషులు కాయితాల మీద రాసుకుంటరు,
నీళ్లు గిట్ల రాసుకుంటయ్."

బడి తెరిచే ముందు
అదే ఆకు, పొయ్యిల బొగ్గు కలిపి
నా పలకకు రుద్దేది.
ఆరినంక, ఆ నలుపు మీద
'అ' తెల్లగ లేచి నిలబడేది.
ఆమెకు 'అ' రాదు.
నలుపు మాత్రం ఆమెదే.

"సార్లయ్యా, జరుగు" అని సాబు చెయ్యి ఊపిండు.
జరిగిన. అక్కడొకటి.
ముప్పై ఎనిమిదిల రెండు.
తారు పొయ్యని రోడ్డు దాటితే ఒక గుత్తి,
కరెంటు స్తంభం మొదట్ల ఇంకోటి.
ఎనుకకు మర్రి చూస్తే వంకరటింకర గీత,
నక్షాల నీలం అంచు
నడుసుకుంట బయటికొచ్చినట్టు.

"సాబ్, హద్దు ఇదే."
ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
చానసేపు చూసిండు.
"చెట్టు సాక్ష్యం రాసేటందుకు
ఇండ్ల ఖానా లేదు సార్లయ్యా."

పంచనామాల ఐదు సంతకాలు, నాది ఐదోది.
అప్పటికే చేతిల ఒక ఆకు నలిగి ఉన్నది,
ఎప్పుడు తెంపిన్నో యాదికి లేదు.
దాని పసరు ముందుగాల పచ్చన,
గాలి సోకితే నల్లన.
కాయితం అంచుకు బొటనవేలు తగిలింది.
"తుడువు" అన్నడు గుమాస్తా.
తుడిస్తే ఇంకింత పాకింది.

ఆ కాయితం ఏ బీరువల ఉన్నదో.
మరక ఎక్కడిదని
ఇంతదాక ఎవలూ అడగలే.

నిన్న ఆ దారిన పోయిన.
నలభై ఒకటిల పునాది తవ్వుతున్నరు.
గుంతల మోకాలులోతు ఊట.
మోటరు పొద్దుగాల్నుంచి తోడుతనే ఉన్నదట.
"ఎండకాలం గిన్ని నీళ్లు ఎక్కడియో"
అంటున్నడు మేస్త్రి, బీడీ ముట్టిచ్చుకుంట.

నేనేం చెప్పలే.
పైపు నీళ్లు పోయేకాడ,
తవ్విపోసిన మట్టికుప్ప అంచుకు
అప్పుడే రెండాకులు,
ఎదురెదురుగ.